పైలట్ వెనక కూర్చునే మనిషి
ప్రాణవాహనం – 9వ భాగం

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో సాయంత్రం ఆరు దాటాక ఏ టీ బండి దగ్గర నిలబడ్డా ఏదో ఒక బిట్ చెవిన పడుతుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు టీ తాగుతూ ఒకరినొకరు అడుక్కుంటూ ఉంటారు. మొన్న ఒకబ్బాయి అడిగాడు: "108 సర్వీసు ఎప్పుడు మొదలైందిరా?" పక్కనున్నవాడు గ్లాసు దించకుండానే చెప్పేశాడు: "2005 ఆగస్టు 15." "సీఎం ఎవరు?" "వైఎస్ రాజశేఖరరెడ్డి." అంతే, ఇద్దరూ తర్వాతి బిట్‌కి వెళ్లిపోయారు. జవాబులో తప్పు లేదు, మార్కు పడుతుంది. అయితే ఆ తేదీకి ముందు మన వీధుల్లో ఏం జరిగేదో, ఆ బండి వెనక భాగంలో రోగి పక్కన ఎవరు కూర్చుంటారో ఆ బిట్ చెప్పదు. ఈ భాగమంతా ఆ వెనక సీటు గురించే.

జిల్లా పేజీల్లో తరచుగా కనిపించే వార్త ఒకటుంది. "108 వాహనంలో ప్రసవం. తల్లీబిడ్డలు క్షేమం. ఈఎంటీని, పైలట్‌ను కుటుంబ సభ్యులు అభినందించారు." కొత్తగా చదివేవాళ్లు పైలట్ అన్న చోట ఒక్క క్షణం ఆగుతారు. 108 వ్యవస్థలో డ్రైవర్‌ని మొదటినుంచీ పైలట్ అనే పిలుస్తున్నారు. వెనక రోగితో ఉండేవారు ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. ఆ బండి నిజంగానే గాల్లోకి లేస్తే, అదే వెనక సీట్లో కూర్చునే మనిషిని ప్రపంచమంతా ఫ్లైట్ పారామెడిక్ అంటుంది. మన దేశపు ఎయిర్ అంబులెన్సుల్లో ఆ సీట్లో ఒక డాక్టర్, ఒక పారామెడిక్ లేదా నర్సు కలిసి కూర్చోవడం ఎక్కువ. పేర్లు వేరైనా చేసే పని ఒక్కటే. ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదికి చేరేలోగా ఆ ప్రాణాన్ని పట్టుకుని ఉండడం.

గత భాగంలో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి దాకా వచ్చాం. 1888, 1889లలో సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బుతో జరిగిన రెండు క్లోరోఫామ్ కమిషన్ల కథ చెప్పుకున్నాం. మత్తిచ్చేటప్పుడు నాడిని కనిపెట్టుకుని ఉండాలా, ఊపిరినా అన్నది అక్కడి వాదన. ఊపిరినే చూడాలని లారీ పట్టుబట్టాడు. గుండె సంగతిలో ఆయన పొరబడ్డాడని తర్వాతి తరం తేల్చింది. ఊపిరి మీంచి కన్ను తీయవద్దన్న మాట మాత్రం మిగిలింది. నూరేళ్లు గడిచాక కూడా ఆ మాట తెలియని ఒక ఆటోలో నేను కూర్చున్నాను. అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

1990లలో ఒక వేసవి. చిక్కడపల్లిలో మా సందులోనే పక్కింటి తాతగారు గుమ్మంలో కూలిపోయారు. స్పృహ లేదు. అంబులెన్స్ అంటే అప్పటికి మాకు తెలిసింది ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉండే తెల్ల వ్యాను. దానికి ఫోన్ చేయాలంటే నంబరు తెలియాలి, అది వచ్చేలోగా మనమే వెళ్లిపోవచ్చు. అందుకే ఆటో పిలిచాం. వెనక సీట్లో ఇద్దరం కూర్చుని ఆయన్ను అడ్డంగా పడుకోబెట్టుకున్నాం. తల నా ఒళ్లో ఉంది. "తల పైకెత్తి పట్టుకోరా నాన్నా, గాలాడుతుంది" అని సందు చివర ఎవరో పెద్దాయన అన్నారు. నేను మెడ కింద చేయి పెట్టి, గడ్డం ఛాతీకి ఆనేటట్టు తల ముందుకు ఎత్తి పట్టుకున్నాను. నారాయణగూడ చౌరస్తా దాకా గురక లాంటి చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఆగిపోయింది. నెమ్మదించారనుకున్నాం.

స్పృహ లేని మనిషి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుందట. తల ముందుకు వంచితే ఆ కొంచెం దారీ మూసుకుపోతుందట. గురక వినపడుతోందంటే గాలి దారి వెతుక్కుంటోందని అర్థం, అప్పుడు గడ్డం పైకెత్తి తల వెనక్కి వాల్చాలి. ఇవన్నీ చాలా ఏళ్ల తర్వాత ఒక 108 ఈఎంటీ నాకు చెప్పారు. తాతగారు అలా చేస్తే బతికేవారో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ రోజు ఆ ఆటోలో మేమిద్దరం చేసిన ఒక్క పనీ ఆయనకు సాయపడలేదన్నది మాత్రం ఖాయం.

*

ఎయిర్ అంబులెన్స్ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా యంత్రాలతో మొదలుపెడతారు. ఏ సంవత్సరం ఏ విమానం, ఎంత దూరం, ఎంత వేగం. ఆ చరిత్రను సీటు వైపునుంచి చదివితే కథ మారిపోతుంది.

'ఎగిరే అంబులెన్స్' అన్న పేరు విమానం పుట్టక ముందే పుట్టింది. 1792లో ఫ్రెంచి సైన్యపు సర్జన్ డొమినిక్ జాన్ లారే తేలికపాటి గుర్రపు బళ్లు తయారు చేయించి, యుద్ధం ఇంకా నడుస్తుండగానే గాయపడ్డవాళ్లను తెచ్చే పద్ధతి పెట్టాడు. వాటికే ఆ పేరు. ఆ బళ్లతో పాటు వైద్యం తెలిసినవాళ్లు కూడా రంగంలోకి వెళ్లడం అందులో అసలు విశేషం. 1870లో పారిస్ ముట్టడిలో గాయపడ్డవాళ్లను బెలూన్లలో తరలించారని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. అది నమ్మదగ్గది కాదు. ఆ బెలూన్లు ఉత్తరాలనూ కొద్దిమంది మనుషులనూ మోశాయి గానీ క్షతగాత్రులను కాదు. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాస్తూ పోవడం వల్ల నిలబడిన కథ అది.

రోగితో పాటు విమానంలో శిక్షణ పొందిన నర్సు ఉండాలని పట్టుబట్టిన మనిషి మరీ మరీ తలుచుకోవలసిన ఫ్రెంచి మహిళ, మారీ మార్విన్. ఆమె స్వయంగా పైలట్, నర్సు కూడా. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే అంబులెన్స్ విమానానికి నమూనా గీయించింది, దాని కోసం డబ్బు పోగు చేసింది, దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చింది.

హెలికాప్టర్ కథ మన దేశపు నేల మీంచే మొదలైంది. 1944 ఏప్రిల్. అస్సాంలో సిల్చర్ దగ్గర లాలాఘాట్ అనే చోట అమెరికన్ ఎయిర్ కమాండోల స్థావరం. అక్కడినుంచి కార్టర్ హార్మన్ అనే యువ లెఫ్టినెంట్ సికోర్‌స్కీ హెలికాప్టర్‌తో బయల్దేరి, బర్మా అడవిలో జపాన్ సైన్యం వెనక చిక్కుకున్న ఒక పైలట్‌నూ, గాయపడ్డ ముగ్గురు బ్రిటిష్ సైనికులనూ బయటికి తెచ్చాడు. యుద్ధంలో హెలికాప్టర్ చేసిన తొలి రక్షణ అదే. హార్మన్ తర్వాత సంగీతం వైపు వెళ్లిపోయాడు, స్వరకర్తగా, విమర్శకుడిగా బతికాడు. ఆ వేడి గాలిలో ఆ చిన్న ఇంజన్‌కి పైలట్ కాక ఒక్క మనిషిని మించి లేపే బలం లేదు. అందుకే ఒక్కొక్కరినే తెచ్చాడు. గాయపడ్డవాడి పక్కన మరో మనిషికి చోటే లేదు. తొలి హెలికాప్టర్ అంబులెన్స్‌లో వెనక సీటు లేదన్నమాట.

కొరియా యుద్ధానికి వచ్చేసరికి ఇంకా విచిత్రం. చిన్న బెల్ హెలికాప్టర్లకు రెండు పక్కలా బయట స్ట్రెచర్లు కట్టి, గాయపడ్డవాళ్లను వాటి మీద బిగించి తెచ్చేవారు. రోగి బయట, పైలట్ లోపల. దారిలో రక్తం కారుతోందో, ఊపిరి ఆడుతోందో చూసే నాథుడు లేడు. అదే యుద్ధంలో మన భారతీయులు ఇంకో దారి చూపించారు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలోని 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 చివర్లో కొరియా చేరింది. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ పారాచూట్ దళంతో పాటు మన వైద్య బృందం కూడా విమానంలోంచి దూకి, దిగినచోటే శస్త్రచికిత్సలు చేసింది. రోగిని గాల్లోకి ఎత్తడానికి బదులు వైద్యుడే గాల్లోంచి రోగి దగ్గరికి దిగాడు. రంగరాజ్‌కి మహావీర్ చక్ర వచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ దళానికి ఒక పేరా అయినా దక్కాల్సింది.

వియత్నాం నాటికి 'హ్యూయీ' హెలికాప్టర్ వచ్చింది. గాయపడ్డవాళ్ల తరలింపును ముందే లెక్కలో పెట్టుకుని అమెరికన్ సైన్యం కోరి చేయించుకున్న యంత్రమది. రోగులు లోపలికి వచ్చారు, వాళ్ల పక్కన మెడిక్‌కి చోటు దొరికింది. వెనక సీటు పుట్టింది అక్కడే.

ఆ సీట్లో కూర్చోవలసిన మనిషి మాత్రం ఒక పేదపేటలో తయారయ్యాడు. అమెరికాలో 1960లలో కూడా చాలా ఊళ్లలో రోగులను తీసుకెళ్లింది పోలీసు వ్యాన్లు, శవవాహనాలు నడిపేవాళ్లే. 1967లో పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే సేవ మొదలైంది. ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకులకు, సీపీఆర్‌ని రూపుదిద్దినవారిలో ముఖ్యుడైన డాక్టర్ పీటర్ సాఫర్ నెలల తరబడి శిక్షణ ఇచ్చాడు. ఆస్పత్రి గుమ్మం బయట, వీధిలోనే, రోగి గొంతులోకి గొట్టం వేసి ఊపిరి అందించగల మనుషులు వాళ్లు. నగరం 1975లో ఆ సేవను మూసేసింది. వాళ్ల పాఠాలు మాత్రం దేశమంతటి పారామెడిక్‌ల చదువుకు పునాది అయ్యాయి. బాల్టిమోర్‌లో డాక్టర్ ఆడమ్స్ కౌలీ 'గోల్డెన్ అవర్' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చి, 1970లో మేరీలాండ్ పోలీసు హెలికాప్టర్లను గాయపడ్డ మామూలు పౌరుల కోసం ఎగిరించాడు. ఆ మాట చివరికి మన చట్టంలోకీ వచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గోల్డెన్ అవర్ అంటే గాయం తగిలాక మొదటి గంట అని నిర్వచించింది. నిజానికి ప్రాణానికి అరవై నిమిషాల గడియారం ఏమీ లేదు. కొన్ని గాయాలకు పది నిమిషాలే ఎక్కువ. అయినా చట్టంలో ఒక గంట అని రాసిపెట్టడం మంచిదే అనుకుంటాను, వాదించడానికి ఒక ఆధారం దొరికింది.

*

మన నగరంలో కథ ఇందుకు తలకిందులుగా నడిచింది. ఇక్కడ విమానం ఎప్పుడో వచ్చింది. బేగంపేట విమానాశ్రయపు టెర్మినల్‌కు 1937లో నిజాం కోడలు ప్రిన్సెస్ దుర్రు షెహవార్ శంకుస్థాపన చేశారు. పురానీ హవేలీలో ఆమె పేరు మీద పిల్లల ఆస్పత్రి కూడా ఉంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ 1946లో ఎగరడం మొదలుపెట్టింది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగమిచ్చింది ఆ సంస్థే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ విమానాశ్రయానికి దగ్గర్లోనే, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన భవనం ఉంది. ఇవతల నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో రక్తనిధి ఉంది, కుక్క కాటుకు టీకాలున్నాయి. ఆఫ్రికా వెళ్లేవాళ్లు విమానం ఎక్కేముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవడానికీ అక్కడికే వస్తారు. నల్లకుంటలో ఫీవర్, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా. ఆస్పత్రులున్నాయి, రన్‌వే ఉంది, రక్తం ఉంది. మా సందుకీ వాటికీ మధ్య కొన్ని కిలోమీటర్ల దారిలో రోగి తల సరిగ్గా పట్టుకునే మనిషి లేడు.

ఆ ఖాళీని పూడ్చే పని 2005లో మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు కుటుంబం ఈఎంఆర్‌ఐ అనే సంస్థను పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. ఆగస్టు 15న మూడంకెల నంబరు మోగడం మొదలైంది. 108ని మనవాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు, జపమాలలో పూసలన్ని. మేడ్చల్ దారిలో దేవరయాంజాల్ కేంద్రంలో ఫోన్ ఎత్తుతారు, ఎక్కడ ఏమైందో అడిగి దగ్గర్లో ఉన్న బండిని పంపుతారు. ఫోన్ లైన్లో ఒక డాక్టర్ ఉంటారు, బండిలోని ఈఎంటీకి సందేహం వస్తే అక్కడికక్కడే అడగవచ్చు. కొత్తదనం అంతా ఈ మూడు చేతుల అల్లికలో ఉంది. బండి దగ్గర పైలట్, రోగి దగ్గర ఈఎంటీ, ఫోన్లో డాక్టర్.

ఈఎంటీలుగా వచ్చింది ఎవరు? ఎక్కువమంది ఊళ్లనుంచి వచ్చిన సైన్సు గ్రాడ్యుయేట్లు. బీఎస్సీ చదివి, బీఎడ్ సీటుకో గ్రూప్స్‌కో ఎదురు చూస్తున్న పిల్లలు. వాళ్ల పక్క గదిలో ఉన్నవాళ్లే ఇవాళ అశోక్‌నగర్‌లో బిట్లు చదువుతున్నారనిపిస్తుంది నాకు. కొన్ని వారాల శిక్షణతో వాళ్లను బండెక్కించారు. అది చాలదని 2007లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ ఎమర్జెన్సీ వైద్యులతో చేతులు కలిపి రెండేళ్ల పీజీ కోర్సు పెట్టారు. దేశంలో పారామెడిక్ అన్న చదువు గట్టిగా నిలబడింది ఆ తరగతి గదుల్లో. అదే ఏడాది గుజరాత్, ఆ మరుసటి ఏడాది తమిళనాడు, కర్ణాటక 108ని తెచ్చుకున్నాయి.

2009 జనవరి 7న సత్యం లెక్కలు అబద్ధాలని రామలింగరాజు ఉత్తరం బయటికి వచ్చింది. దేశమంతా ఆ కుంభకోణం గురించే మాట్లాడుకుంది. జీతాలేమవుతాయో, డీజిల్ ఎవరు పోయిస్తారో తెలియని ఆ నెలల్లో ఫోన్లు మోగడం ఆగలేదు, బళ్లు కదలడం ఆగలేదు. ఆ ఏడాదే జీవీకే సంస్థ బాధ్యత తీసుకుంది. స్థాపకుడి నేరం ఒక వైపు, ఆ సేవ నిలబెట్టిన ప్రాణాలు మరో వైపు. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచడం చరిత్ర అనిపించుకోదు. నా మటుకు నేను ఆ జనవరిలో డ్యూటీ దిగకుండా పనిచేసిన ఈఎంటీలకు, పైలట్లకు ఈ పేజీ అంకితం చేస్తాను.

*

రోడ్డు మీది ఈఎంటీ గాల్లోకి వెళితే ఏం మారుతుంది? ముందుగా గాలే మారుతుంది.

విమానంలో చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చాలామంది చూసే ఉంటారు. లోపలి గాలి పెరగలేదు, బయటి ఒత్తిడి తగ్గింది. ప్రెషర్ ఉన్న విమానంలో కూడా లోపలి గాలి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉండే గాలి అంత పల్చబడవచ్చు. సముద్ర మట్టంలో 100 మిల్లీలీటర్లున్న గాలి అక్కడ దాదాపు 135 అవుతుంది. ప్యాకెట్‌కి ఇబ్బంది లేదు. అదే గాలి బుడగ విరిగిన పక్కటెముక వెనక, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య చిక్కుకుని ఉంటే? నేల మీద బాగానే మాట్లాడుతున్న రోగికి గాల్లోకి లేచిన పావుగంటకు ఊపిరి అందదు. అందుకే ఛాతీలో గాలి చేరిన రోగికి ముందే గొట్టం వేసి కానీ విమానం ఎక్కించరు. వెంటిలేటర్ గొట్టాన్ని గొంతులో పట్టి ఉంచే చిన్న బెలూన్ కూడా ఉబ్బుతుంది, మెత్తటి గొంతు గోడను నొక్కేస్తుంది. కొందరు అందులో గాలి తీసేసి సెలైన్ నింపుతారు, కొందరు ఒత్తిడి కొలుస్తూ సరిచేస్తుంటారు. దిగేటప్పుడు అంతా తిరగబడుతుంది, మళ్లీ చూసుకోవాలి.

పీల్చే గాలిలో ఆక్సిజన్ కూడా నాలుగో వంతు తగ్గినట్టే లెక్క. ఆరోగ్యవంతుడికి తెలియదు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాడికి అదే తేడా. బయల్దేరే ముందు పారామెడిక్ ఒక కాగితం మీద వేసే లెక్క ఉంటుంది. ఆస్పత్రి మంచం దగ్గరినుంచి ఆస్పత్రి మంచం దాకా నాలుగు గంటలు, నిమిషానికి 10 లీటర్లు, అంటే 2,400 లీటర్లు. మన ఆస్పత్రుల్లో వాడే బి టైప్ సిలిండర్ నిండా ఉంటే 1,500 లీటర్లు. రెండు సరిపోతాయి కదా అని ఎవరైనా అంటారు. సరిపోవు. వాతావరణం బాగోక వేరే ఊరిలో దిగవలసి వస్తే? బేగంపేట గేటు దగ్గర బండి ఆగిపోతే? అవసరానికి రెట్టింపు ఉండాలన్నది ఈ వృత్తిలో పెద్దలు నేర్పే మొదటి పాఠం. బ్యాటరీలకూ, సిరింజ్ పంపులకూ, మందులకూ అదే లెక్క.

ఇంజన్ హోరులో స్టెతస్కోపు పనికిరాదు. ఛాతీ లేస్తోందా, రెండు వైపులా సమానంగా లేస్తోందా అని కళ్లతో చూడాలి, అరచేయి ఆనించి పట్టుకోవాలి. మానిటర్ అంకెలు చదవాలి, మానిటర్ అబద్ధం చెబుతోందేమో కూడా గమనించాలి, ఎందుకంటే విమానం వణుకుతుంది. మన దేశంలో ఈ పనికి ఎక్కువగా వాడే కింగ్ ఎయిర్ లాంటి చిన్న విమానాల్లో నిటారుగా నిలబడే ఎత్తు లేదు. మోకాళ్ల మీద, నడుం వంచి, గంటలకు గంటలు. ఏదైనా జరిగితే సాయానికి పిలవడానికి పక్క వార్డు లేదు.

ప్రమాదం రోగికే కాదు. 2011 మే 25 రాత్రి పట్నా నుంచి ఢిల్లీకి రోగిని తెస్తున్న పిలాటస్ విమానం ఫరీదాబాద్‌లో ఇళ్ల మీద కూలింది. అందులో ఉన్న ఏడుగురూ, కింద ముగ్గురూ పోయారు. రోగితో పాటు ఉన్న వైద్య సిబ్బందీ ఆ ఏడుగురిలో ఉన్నారు. 2021 మే 6న నాగపూర్‌లో లేచిన ఒక ఎయిర్ అంబులెన్స్‌కి ఒక చక్రం ఊడిపోయింది. ముంబై రన్‌వే మీద నురగ పరిచి, పొట్ట మీద దించారు. రోగితో సహా ఐదుగురూ బతికారు. 2025 మే 17న ఎయిమ్స్ రిషీకేశ్ వారి హెలికాప్టర్ అంబులెన్స్ కేదార్‌నాథ్ దగ్గర దిగుతూ తోక విరగ్గొట్టుకుంది, లోపల ఉన్న ముగ్గురూ క్షేమం. ఇలాంటి వార్తల్లో పైలట్ నైపుణ్యం గురించి రాస్తారు, రాయాలి కూడా. చక్రం లేదని తెలిసాక దిగేదాకా వెనక కూర్చున్నవాళ్లు ఏం చేసి ఉంటారో నేను ఆలోచిస్తుంటాను. పట్టీలు ఇంకోసారి బిగించి ఉంటారు. ఊపిరి చూసి ఉంటారు.

*

ఆ 2021 ఏప్రిల్, మే నెలలు మన నగరం మరిచిపోలేనివి. ఏప్రిల్ 23న బేగంపేటలో వైమానిక దళపు సి-17 విమానాల్లోకి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లు ఎక్కాయి. భువనేశ్వర్ తీసుకెళ్లి, ఒడిశాలో నింపుకుని, రైలు, రోడ్డు మార్గాల్లో తెచ్చారు. ద్రవ ఆక్సిజన్ నింపిన ట్యాంకర్‌ను గాల్లో తేవడం ప్రమాదం, అందుకే పోయేటప్పుడే విమానం. ఆ రోజుల్లోనే ఇతర రాష్ట్రాల నుంచి కోవిడ్ రోగులను ఎయిర్ అంబులెన్సుల్లో హైదరాబాద్ ఆస్పత్రులకు, ఎక్మో యంత్రాల కోసం, తెచ్చారు. మామూలు రోజుల్లోనే ఇరుకైన ఆ క్యాబిన్లలో ముఖానికి ముసుగులు, ఒంటికి పీపీఈ కిట్లు వేసుకుని గంటలు గడిపినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

విమానం ఎంత వేగంగా వచ్చినా రెండు చివర్లలో రోడ్డే ఉంటుంది. మా వైపు ఆ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టు 19న ఉక్కు వంతెన తెరిచారు. అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సిగ్నళ్ల మీదుగా బళ్లు ఇప్పుడు పైనుంచి పోతున్నాయి. కింద గల్లీలోంచి రోగిని వంతెన దాకా తేవడం మాత్రం పాత కథే. మన మెట్రో గుండెను కూడా మోసింది. 2021 ఫిబ్రవరి 2న నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కి, 2025 జనవరి 17న ఎల్‌బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కి, ఈ ప్రయాణంలో 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో. శరీరం బయట గుండెకు సుమారు నాలుగు గంటలే గడువు. ఆ పెట్టె పట్టుకుని రైల్లో కూర్చున్నవాళ్లదీ ఇదే వంశం.

2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది, ఆమె బిడ్డ చావు అంచుదాకా వెళ్లాడు. ఆ గుంపు మధ్యలో పోలీసులు నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ చేస్తున్న దృశ్యాలు అందరం చూశాం. తప్పెవరిదన్నది కోర్టులు తేలుస్తాయి. నాకు ఆ చేతులు గుర్తుండిపోయాయి. అంత జనంలోకి ఏ బండీ రాలేదు, పై నుంచి ఏ హెలికాప్టర్ దిగలేదు, ముందుగా చేరవలసింది పక్కనున్న మనిషి చేతులే. ఆ రాత్రి ఆ చేతులకు ఏం చేయాలో తెలిసింది. మా ఆటోలో తెలియలేదు.

వెనక సీటు మనిషికి మన దేశంలో చట్టం గుర్తింపు వచ్చింది కూడా 2021లోనే. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తన జాబితాలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్ట్ (పారామెడిక్) అని పేరు పెట్టి రాసింది. అప్పటిదాకా జాతీయ స్థాయి రిజిస్టర్ లేని వృత్తి అది. 108 మొదలై పదహారేళ్లకు వచ్చిన ఆ గుర్తింపు జీతాల దాకా, పదోన్నతుల దాకా చేరడానికి ఇంకెన్నో ఏళ్లు తీసుకోకూడదని నా గట్టి కోరిక. అశోక్‌నగర్ పిల్లలు దీన్ని కూడా ఒక బిట్‌గా రాసుకోవచ్చు.

ఇక ఆ పని చివరి అంకం. విమానం బేగంపేటలోనో శంషాబాద్‌లోనో ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది, స్ట్రెచర్ జారుతుంది, కింద అంబులెన్స్ ఇంజన్ ఆపకుండా ఎదురు చూస్తుంది. అరగంటో గంటో రోడ్డు. తర్వాత లిఫ్టు, ఐసీయూ తలుపు. కొత్త ఆస్పత్రి నర్సులు చుట్టూ చేరతారు. వయసు, ఏమైంది, ఏం చేశాం, ఏ మందు ఎంత వేగంతో నడుస్తోంది, దారిలో ఏం మారింది అని పారామెడిక్ వరుసగా చెబుతారు. ఇంకా ఒకటి మిగిలి ఉంటుంది, స్ట్రెచర్ మీంచి మంచం మీదికి మార్చడం. గొట్టాలన్నీ ఊడిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు దుప్పటి అంచులు చుట్టి పట్టుకుంటారు. ఎవరూ తమంతట తాము ఎత్తరు. తల దగ్గర నిలబడ్డ మనిషే లెక్కపెట్టాలి. ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేయి గడ్డం కింద ఆనించి, తల ముందుకు వంగలేదని చూసుకుని అంటారు: "ఒకటి, రెండు, మూడు."

(ఇంకా ఉంది. వచ్చే భాగం: వికారాబాద్ ఆకాశంలో మందుల డ్రోన్లు)